క్రాస్ గుర్రం తల విదిలిస్తే

ఈమధ్య గుర్రాల బేరాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. ఇసుకలో నడుస్తున్న ఎర్ర గుర్రం, దాని మీద ఒక కుర్రాడు, వెనకాల అమ్మేవాడి గొంతు: "అన్నా, ఇది మార్వాడీ, థరోబ్రెడ్ క్రాస్. రేసు గుర్రాల మాదిరి తల కొట్టుకునే రోగాలు దీనికి రావు. మొండి ఘటం." ఆయన ఆ మాట అంటుండగానే గుర్రం ముక్కును ఒక్కసారి పైకి ఎగరేసి, తల వంచి ముంగాలికి రుద్దుకుంది. కుర్రాడు పగ్గం గుంజాడు. వీడియో అక్కడికి అయిపోయింది.

ఆ గుర్రం మీద నాకేం ఫిర్యాదు లేదు. గట్టి గుర్రానికి తల విదిలించే నరాల జబ్బు రాదన్న నమ్మకంతోనే నా పేచీ. మన ఎండకు, మన మేతకు, మన జేబుకు క్రాస్ గుర్రమే మేలని నేనూ అంటాను. అయితే దానికున్న గట్టిదన్న పేరే దాని ప్రాణం మీదికి తెస్తోంది. రేసు గుర్రం తల విదిలిస్తే యజమాని డాక్టరుకు ఫోను చేస్తాడు. క్రాస్ గుర్రం విదిలిస్తే కొరడా తీస్తాడు, అదీ కాకపోతే తల పైకి లేవకుండా కిందికి పట్టీ బిగిస్తాడు. జబ్బు రెండింటికీ ఒకటే.

ఆవుల లెక్క ఇక్కడ తిరగబడుతుంది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్రాస్ అనగానే మనసులో మెదిలేది జెర్సీ క్రాస్ ఆవు. పాలు బాగా ఇస్తుంది, ఎండకు మాత్రం తాళలేదు. రోహిణి కార్తెలో రొప్పుతుంటే నీళ్లు చల్లాలి, ఫ్యాను పెట్టాలి, పిడుదులు పడితే జ్వరం. పక్కనే ఒంగోలు ఎద్దు అదే ఎండలో నింపాదిగా నెమరేస్తుంటుంది. గుర్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం క్రాస్ అంటే గట్టిది, స్వచ్ఛమైన జాతి అంటే సుకుమారం.

ఇందులో వింతేం లేదు. ఆవుల్లో స్వచ్ఛమైనది మనది, కలిసింది సీమది. సవారీ గుర్రాల్లో స్వచ్ఛమైనదని మనం అనుకునే థరోబ్రెడ్ ఇంగ్లండులో పరుగు కోసం తయారైన జాతి. గట్టితనం వచ్చేది మార్వాడీ, కాఠియావాడీ, సింధీ అనే దేశీ జాతుల వైపు నుంచి. రెండు జాతులు కలిసినందువల్ల వచ్చే బలం కూడా కొంత ఉంటుంది, కాదనను. అది మొదటి తరంలోనే నిండుగా ఉంటుంది. క్రాస్‌ను క్రాస్‌తో కట్టిస్తే తర్వాతి తరానికి ఆ లాభంలో సగం పోతుంది. బేరంలో ఇది ఎన్నో తరమో ఎవరూ చెప్పరు. తల్లి ఫలానా, తండ్రి ఫలానా అని చూపించగలిగితే సరే. చూపించలేకపోతే అక్కడ క్రాస్ అన్న మాటకు "ఏ జాతో తెలీదు" అనే అర్థం.

మరి క్రాస్ మీద మోజు ఎందుకంటే, ఆంధ్రకు గుర్తింపు పొందిన సొంత గుర్రం జాతి లేదు. మనకొచ్చేవి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు రేసుల నుంచి దిగిన థరోబ్రెడ్‌లు, లేదా సారంగ్‌ఖేడా, పుష్కర్ లాంటి సంతల నుంచి చేతులు మారి వచ్చే దేశీ గుర్రాలు. రేసు గుర్రానికి పొడుగుంది, అంగ ఉంది, కానీ గిట్ట అడుగు పలచన. చేలగట్ల మీద, రాళ్ల బాటల్లో ఇట్టే కుంటుతుంది. ఒంట్లో కండ నిలవాలంటే దాణా ధారాళంగా పోయాలి. దేశీ గుర్రం నానబెట్టిన ఉలవలు, తవుడు, పచ్చిగడ్డితో నెట్టుకొస్తుంది, గిట్ట గట్టిది, కాకపోతే పొడుగు మనిషికి చాలదు. మొదటి తరం క్రాస్ బాగా కుదిరితే ఈ రెంటికీ మధ్యన నిలబడుతుంది. ఆ మోజును నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది బరువు దగ్గర. చూడ్డానికి గుర్రం దిట్టంగా ఉంటే ఎనభై కిలోల మనిషి ఎక్కేస్తాడు. టేపుతో ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే 302 కిలోలు. జీనుతో కలిపి ఐదో వంతు మించకూడదన్న లెక్కన 60 కిలోలు. జీను 8 కిలోలుంటే మనిషి 52 కిలోల లోపుండాలి. అంతకు మించి మోయించి, జీను కింద వెన్ను పుండై, ఆ నొప్పికి గుర్రం తల ఎగరేస్తుంటే దానికి "పొగరు" అని పేరు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది.

అసలు జబ్బు ఏమిటి

ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపేది ట్రైజెమినల్ నరం. కంటి కింద ఎముకకున్న రంధ్రంలోంచి దాని కొమ్మ ఒకటి ముక్కుకూ పైపెదవికీ వస్తుంది. జబ్బు గుర్రాల్లో ఆ నరం తెగిపోదు, వాచదు, కోసి చూసినా తేడా కనపడదు. అది అతిగా ఉలిక్కిపడుతుంది, అంతే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2013లో ప్రచురించిన పరీక్షలో, మామూలు గుర్రాల్లో ఈ నరం 10 మిల్లీయాంపియర్లు, ఆ పైన కరెంటు ఇస్తేగానీ స్పందించలేదు. తల విదిలించే గుర్రాల్లో 5, అంతకన్నా తక్కువకే స్పందించింది. పరీక్షించినవి కొద్ది గుర్రాలే, కానీ తేడా స్పష్టంగా ఉంది. మనకు గాలి తగిలినట్టుండేది దానికి ముక్కులో కందిరీగ కుట్టినట్టుంటుందన్నమాట.

గుర్తులు కూడా అలాగే ఉంటాయి. తల పక్కకు కాకుండా నిలువుగా, కొట్టినట్టు ఒక్క ఊపున లేస్తుంది. చీదుతుంది, ముక్కును ముంగాలికో, నేలకో, ముందున్న గుర్రం పిరుదుకో రుద్దుతుంది. కొన్ని ముంగాలితో సొంత ముక్కునే కొట్టుకోబోయి తూలి పడతాయి. పనిలో పెట్టిన కాసేపటికి మొదలవుతుంది. చాలావరకు బాగా ఎదిగిన వయసులో, అంటే ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య బయటపడుతుంది. ఆడగుర్రాల కన్నా విత్తులు తీయించిన మగ గుర్రాల్లో ఎక్కువ.

పడమటి దేశాల్లో ఈ గుర్రాల్లో సగానికి పైగా వసంతంలో మొదలై చలికాలానికి తగ్గుతాయి. పగటి పొడవులో మార్పు దీనికి కారణం కావచ్చని ఒక అనుమానం. అదే నిజమైతే, నెల్లూరులో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తేడా రెండు గంటలు కూడా లేదు కాబట్టి అక్కడి కాలాల లెక్కను తెచ్చి ఇక్కడ పెట్టడం కుదరదు. మనకున్నవి వేరే: మైపాడు ఇసుక మీద మిట్టమధ్యాహ్నపు తళుకు, కోతలయ్యాక వరి దుమ్ము, తీరమంతా సరుగుడు తోటలు, వానల తర్వాత ముసురుకునే ఈగలు. మీ గుర్రానికి దేంతో రేగుతుందో మీరు రాసుకుంటేనే తెలుస్తుంది.

ముందు నోరు చూడండి, నరం తర్వాత

ఇక్కడొక మాట నా వాదనకే ఎదురు చెప్పుకోవాలి. నరాల జబ్బు అని చదివినవాళ్లు ప్రతి విదిలింపునూ దాని ఖాతాలో వేసేస్తారు. నరం మాట ఎత్తే ముందు తీసేయాల్సినవి చాలా ఉన్నాయి, మన దగ్గర వాటిలో మొదటిది కళ్లెమే. పెళ్లి ఊరేగింపుల గుర్రాల నోట్లో, సముద్రం ఒడ్డున సవారీ గుర్రాల నోట్లో ముళ్ల కళ్లెం ఇంకా ఉంది. ఇనప కడ్డీకి రెండు వైపులా ముళ్ల బిళ్లలుంటాయి, పగ్గం లాగితే అవి పెదవి మూలల్లోకీ నాలుక మీదికీ దిగుతాయి. బరువులు లాగే, మోసే జంతువుల మీద క్రూరత్వ నివారణ నిబంధనలు, 1965లోని 8వ నిబంధన దీన్ని నిషేధించింది. అలాంటి కళ్లెం వేసి గుర్రం తల ఎందుకు విదిలిస్తోందని అడగడంలో అర్థం లేదు.

చూసే వరస ఇలా పెట్టుకోండి. గుర్రం శాలలో ఊరికే నిలబడి ఉన్నప్పుడు పావుగంట వీడియో తీయండి. తర్వాత కళ్లెం లేకుండా, మెత్తటి తలతాడుతో, పొడవాటి తాడు మీద గుండ్రంగా దుడుకు నడక (ట్రాట్) నడిపించండి. ఆ తర్వాత కళ్లెం, జీను వేసి మనిషి లేకుండా. చివరికి మనిషితో. మనిషి ఎక్కి పగ్గం పట్టినప్పుడే వస్తుంటే నోరు, వెన్ను, జీను, సవారీ చేసేవాడి చెయ్యి వెతకండి. కళ్లెం లేకపోయినా, తాడు మీద తిరుగుతున్నా వస్తుంటే అప్పుడు నరం సంగతి ఆలోచించాలి. తల పక్కలకు తిప్పుతుంటే, ఒక చెవి వాల్చుకుని ఉంటే చెవిలో చూడాలి. పిడుదులు, తెల్లటి పొక్కులు, గడ్డి ముల్లు, ఏదైనా ఉండొచ్చు.

నోరు చూడ్డమంటే పెదవి ఎత్తి పళ్లు లెక్కపెట్టడం కాదు. గుర్రం పై దవడ పళ్లు కింది దవడ కన్నా వెడల్పు. అందుకని పైపళ్లు బుగ్గ వైపు, కిందివి నాలుక వైపు కత్తిలా అంచు తేలతాయి. బుగ్గ మీద బయటినుంచి వేలితో పైపళ్ల వరస వెంబడి నొక్కి చూడండి, గుర్రం తల లాక్కుంటే అంచు కోస్తున్నట్టే. ఏడాదికోసారి, కొన్నిటికి ఆరు నెలలకోసారి ఆకురాయి పెట్టించాలి. దవడ పళ్ల ముందు చిన్న తోడేలు పన్ను ఉంటే అది కళ్లానికి తగులుతోందేమో చూడాలి. కళ్లెం పెదవి మూలల దగ్గర రెండు వైపులా అర సెంటీమీటరు వదులుండాలి. ఒక ముక్కులోంచే చీము కారుతూ వాసనొస్తుంటే పంటి వేరు కుళ్లిందనో, సైనస్‌లో చీము పట్టిందనో అనుకోవాలి.

కన్ను సంగతి మన జిల్లాల్లో మరీ ముఖ్యం. సెటేరియా అనే పురుగు పశువుల పొట్టలో ఉంటుంది, దోమల ద్వారా గుర్రానికి ఎక్కి దారి తప్పి కంట్లోకి చేరుతుంది. గొడ్ల కొట్టం, వరిమడి, దోమలు, గుర్రం ఒకేచోట ఉండే ఊళ్లు మనవి. నల్లగుడ్డు మీద టార్చి వేసి పక్కనుంచి చూస్తే తెల్లటి దారంలా ఈదుతూ కనిపిస్తుంది. కన్ను నీరు కారుతుంది, మసక పడుతుంది, వెలుతురు తగిలితే తల లాక్కుంటుంది. దాన్ని డాక్టరు మత్తిచ్చి తీయాల్సిందే. చుక్కల మందులతో వారాలు గడిపితే కన్ను పోతుంది.

ఇవన్నీ అయ్యాక తిరుపతి పశువైద్య కళాశాలకో, చెన్నై కళాశాలకో తీసుకెళ్తే ముక్కులోంచి కెమెరా వేసి గొంతు పక్క సంచులు, చెవి వెనక ఎముకలు చూడమని అడగొచ్చు. పైదవడ నరానికి రెండు పక్కలా మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, విదిలింపు తగ్గితే నొప్పి ఆ నరం పరిధిలోనే ఉందని తేలుస్తారు. తగ్గకపోయినంత మాత్రాన కాదనీ చెప్పలేం, సూది సరైన చోట పడకపోయి ఉండొచ్చు.

వల, ముసుగు, వేళ

మందుల కన్నా ముందు ప్రయత్నించాల్సింది ముక్కు వల. ఇంత చవకైన వస్తువు ఇంత పని చేస్తుందంటే మనవాళ్లు నమ్మరు. 2003లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక పరీక్షలో వల కట్టిన గుర్రాల్లో సుమారు ముప్పావు వంతుకు ఎంతో కొంత ఉపశమనం దొరికిందని యజమానులు చెప్పారు. బాగా తగ్గినవి మూడో వంతుకు దగ్గర. ముక్కు మొత్తం కప్పే వల కన్నా ముక్కు పైభాగం నుంచి పైపెదవి దాకా వేలాడే సగం వల ఏమీ తీసిపోలేదు. పెదవికి ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతూ ఉంటే ఉలిక్కిపడే నరం ఆ స్పర్శకు అలవాటు పడుతుందని ఒక వివరణ. దుమ్మును వడకట్టడం వల్ల కాదనే ఎక్కువమంది అభిప్రాయం.

కుట్టించుకోవడం తేలికే. మెత్తటి నైలాన్ దోమతెర గుడ్డ ఒక పొర, ముక్కు పట్టీకి వెల్క్రోతో అంటించేలా. కింది అంచు పైపెదవిని తాకుతూ ఉండాలి, నోట్లోకి పోకూడదు. అంచు మడిచి కుట్టిన చోట గరుకుగా ఉంటే అదే కొత్త చికాకు. మొదటిరోజు శాలలో పది నిమిషాలు, మనిషి దగ్గరుండగా. తర్వాత నడక, ఆ తర్వాతే పరుగు. మేత మేసేటప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు తీసేయాలి. సముద్రం ఒడ్డున వాడితే ప్రతిసారీ మంచినీళ్లలో ఉతకాలి, ఉప్పు పట్టిన వల గరుకెక్కి పైపెదవిని ఒరిపిడి పుండు చేస్తుంది.

వెలుతురుతో రేగే గుర్రమైతే గుర్తుపట్టడం సులువు. మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి, అదే దారిలో పొద్దు గూకాక ఒకసారి నడిపించి చూడండి. చీకట్లో శుభ్రంగా నడిచి ఎండలో విదిలిస్తే కళ్లకు అతినీలలోహిత కిరణాలను ఆపే ముసుగు పెట్టండి. ఈగలు ఆపే మామూలు ముసుగు వేరు, ఇది వేరు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి. సవారీ తెల్లవారుజామున ఐదింటికో, చీకటి పడే వేళకో మార్చుకోవాలి. గంటకింత అని నడిపే తీరపు గుర్రాలకు ఇది గిట్టుబాటు కాదంటారు, నిజమే. అలాంటి గుర్రం ఆ పనికి పనికిరాదన్నదీ అంతే నిజం.

ప్రతి రోజూ ఒక అంకె రాసుకోండి. లేకపోతే 0, సవారీలో వచ్చినా పని ఆగకపోతే 1, ఎక్కడం ప్రమాదమైతే 2, ఊరికే నిలబడ్డప్పుడూ వస్తే 3. పక్కనే వేళ, ఎండ, గాలి, ఎక్కడ తిప్పారు, వల ఉందా లేదా. ఒకేసారి వల, ముసుగు, కొత్త దాణా మొదలుపెడితే దేనికి తగ్గిందో దేవుడికే తెలియాలి. ఒక్కోటి రెండు వారాలు.

మాత్రల లెక్క

ఎక్కువగా వినపడే మందు సైప్రోహెప్టడీన్. మన మందుల షాపుల్లో పిల్లలకు ఆకలి పెరగడానికి ఇచ్చేదే. గుర్రానికి కిలోకు 0.3 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. పైన లెక్కేసిన 300 కిలోల గుర్రానికి ఒక్క పూటకు 90 మిల్లీగ్రాములు, అంటే 4 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవై రెండున్నర, రోజుకు నలభై ఐదు. ఎవరో చెప్పారని నాలుగు మాత్రలు ఉలవల్లో కలిపి "పని చేయలేదు" అనేవాళ్లకు ఈ లెక్క. పూర్తి మోతాదు డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. కొన్ని గుర్రాలు మందకొడిగా, మత్తుగా అవుతాయి, ఆ మత్తులో ఎక్కి తిరగడం రెండో ప్రమాదం. కార్బమజపీన్ కొన్నిటికి పని చేస్తుంది, ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది కనుక రోజుకు మూడు నాలుగుసార్లు పట్టాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ల దగ్గర మాత్రం నేను మొహమాటపడను. "ఒక డెక్సా వేస్తే సర్దుకుంటది" అన్నది పశువుల కాడ అలవాటైన మాట. తల విదిలింపుకు డెక్సామెథసోన్ పని చేసినట్టు పరీక్షల్లో తేలలేదు, పైగా స్టెరాయిడ్లతో గిట్టలోపలి పొర వాచి గుర్రం శాశ్వతంగా కుంటిదయ్యే ప్రమాదం ఉంది. నరాన్ని కోసేయడం కూడా ఒకప్పుడు చేసి, ఫలితం లేక మానుకున్న పని. బ్రిటన్‌లో సన్నటి సూదిద్వారా ఆ నరానికి కరెంటు ఇచ్చే పద్ధతి వాడుతున్నారు, సుమారు సగం గుర్రాలకు తగ్గుతుంది, కొంతకాలానికి మళ్లీ చేయించాలి. వినడానికి బాగుంటుంది, మనకు అందుబాటు అనుకుని గుర్రం కొనకూడదు.

సగం రక్తం, సగం జబ్బు?

థరోబ్రెడ్‌లలో ఈ జబ్బు ఎక్కువ కనపడుతుందని కొన్ని సర్వేలు చెప్పిన మాట నిజం. దాన్ని పట్టుకునే "దేశీ రక్తం కలిస్తే సగం తగ్గుతుంది" అంటారు. నాకు రెండు సందేహాలు. సర్వేలు జరిగిన దేశాల్లో సవారీకి వాడే గుర్రాల్లో థరోబ్రెడ్‌లు, అందులోనూ విత్తులు తీసినవి ఎక్కువ. గుర్రాన్ని రోజూ ఎక్కేవాడికే విదిలింపు కనపడుతుంది, మేతలో వదిలేసిన పోనీకి (పొట్టి జాతి గుర్రానికి) ఉన్నా ఎవరూ రాయరు. రెండోది, పోనీల్లోనూ క్రాసుల్లోనూ ఈ జబ్బు నమోదైంది, ఫలానా జన్యువు కారణమని తేలనేలేదు. తేలనిదాన్ని సగం చేసి అమ్మడం ఏం లెక్క?

క్రాస్ గుర్రం వైపు నుంచి చెప్పాల్సింది ఒకటుంది. దాని నిదానం వల్ల వల కట్టడం, నోరు తెరవడం, తాడు మీద తిప్పడం తేలిక. అదే నిదానం నొప్పిని దాస్తుంది కూడా. రేసు గుర్రం పైన రాసుకోమన్న అంకెల్లో 1 దగ్గరే గంతులేసి ఊరంతా చాటుతుంది. నిమ్మళమైన క్రాస్ గుర్రం 2 దాకా ఓర్చుకుని, అప్పుడు ఒక్కసారి ముక్కు రుద్దుకోబోయి సవారీతో సహా ముందుకు పడుతుంది. కావలి నుంచి కొత్తపట్నం దాకా సముద్రం ఒడ్డున ఇలాంటి "మంచి గుర్రాల" మీదే చిన్నపిల్లల్ని ఎక్కిస్తారు.

కొనేటప్పుడు చూడాల్సిన వేళ మధ్యాహ్నం. అమ్మేవాళ్లు సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు రమ్మంటారు, వెలుతురు జబ్బు ఆ వేళకు కనపడదు. ఛాతీ నుంచి ముక్కు పట్టీకి బిగించిన తోలు పట్టీ ఉంటే విప్పించండి, వల ఉంటే తీయించండి. ఇరవై నిమిషాలు దుడుకు నడకలో తిప్పించి, ఆపాక ఇంకో పది నిమిషాలు నిలబెట్టి ముక్కునే చూడండి. ముక్కు పక్కల వెంట్రుకలు అరిగి నున్నగా ఉన్నాయా, ముంగాలి మోకాలి లోపలివైపు రాపిడి గుర్తుందా తడిమి చూడండి. విదిలింపు ఉందని తెలిసీ గుర్రం నచ్చితే, తెల్లవారుజామున మాత్రమే ఎక్కేవాళ్లయితే, ధర తగ్గించి కొనుక్కోవచ్చు. రాతపూర్వకంగా ఆ సంగతి రాయించుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు అదే కాగితం తర్వాతివాడికి ఇవ్వాలి.